మణికట్టు మీద వాంతుల బిందువు: ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు నొక్కకూడదు



రాయికల్ నుండి జగిత్యాల పోయే బస్సు ఎక్కితే, కడుపులో తిప్పే అమ్మలు నిమ్మకాయ చేతిలో పట్టుకుని వాసన చూస్తూ కూర్చోవడం మనందరం చూసిందే. ఈ మధ్య మరొక రకం వారు కూడా కనబడుతున్నారు. ఒక చేతి మణికట్టును రెండవ చేతి బొటనవేలితో గట్టిగా ఒత్తి పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంటారు. ఏమిటమ్మా అని అడిగితే, "ఫోన్ల చూసిన సిస్టరమ్మా, గీడ ఒత్తితే కక్కులు రావట" అని చెబుతారు. ఓ.పి.లో కూడా ఈ సంగతి చాలామంది అడుగుతున్నారు. ఇది నిజమేనా, ఎవరైనా నొక్కుకోవచ్చునా, గర్భిణులు చేస్తే బిడ్డకు ఏమైనా అవుతుందా అని. ఒకరిద్దరు పెద్దలు గుండెకు కూడా ఇదే బిందువు పని చేస్తుందట గదా అని అడిగారు. ఆ చివరి ప్రశ్న విన్న తరువాతనే ఈ వ్యాసం రాయవలెనని అనుకున్నాము.

ఆ బిందువు పేరు చైనా భాషలో నేయ్‌గువాన్. "నేయ్" అంటే లోపలి, "గువాన్" అంటే ద్వారం లేక కనుమ. ముంజేతికి లోపలి వైపున ఉన్న ద్వారం అని అర్థం. సరిగ్గా దీనికి ఎదురుగా, చేతి వెనుక వైపున "వాయ్‌గువాన్" అనే మరొక బిందువు ఉన్నది, అంటే బయటి ద్వారం. డాక్టర్లు, నర్సులు చదివే పుస్తకాలలో నేయ్‌గువాన్‌ను పి-6 అని రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో మొత్తం 361 ఆక్యుపంక్చర్ బిందువులకు కొలతలు నిర్ణయించి ఒక పుస్తకం వెలువరించింది. అందులో ఇదీ ఒకటి.

ఎక్కడ ఉన్నది?

మీ ఎడమ చేతిని అరచేయి పైకి ఉండేటట్లు తొడ మీద పెట్టుకోండి. మణికట్టు దగ్గర గీతలు కనబడతాయి. అరచేతికి దగ్గరగా ఉండే అడ్డగీత మీద మీ కుడి చేతి ఉంగరపు వేలును ఆనించి, దాని పక్కన నడిమి వేలు, చూపుడు వేలు వరుసగా పెట్టండి. ఈ మూడు వేళ్ళ వెడల్పు ఎక్కడికి వస్తే, అంటే చూపుడు వేలు అంచు ఎక్కడ ఆగితే అక్కడ. ఇప్పుడు ఎడమ పిడికిలి కొంచెం బిగించి మణికట్టును మీ వైపు వంచండి. నడిమిన రెండు తాళ్ళలాగా లేస్తాయి. మనవాళ్ళు వాటిని నరాలు అంటారు గాని అవి నరాలు కావు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు. ఆ రెండింటి మధ్య ఉన్న చిన్న గాడిలో ఈ బిందువు ఉంటుంది.

కొలత మీ వేళ్ళతోనే తీసుకోవాలి. చిన్నపిల్లకు అమ్మ వేళ్ళతో కొలిస్తే బిందువు మోచేతి వైపు జరిగిపోతుంది. చైనా వారి కొలతల్లోని గొప్పతనం ఇదే. వారికి "త్సున్" అనే ఒక కొలత ఉన్నది. అది ఎవరి బొటనవేలి వెడల్పు వారికే. మూడు వేళ్ళు కలిపితే 2 త్సున్‌లు. మన ముసలమ్మలు బెత్తెడు, జానెడు అని కొలిచినట్లే.

కొందరికి రెండు తాళ్ళు కనబడవు, ఒకటే కనబడుతుంది. కంగారు పడవలసిన పని లేదు. ఆ రెండవ స్నాయువు కొందరికి పుట్టుకతోనే ఉండదు, దాని వల్ల చేతి బలం ఏమీ తగ్గదు. మా నర్సింగ్ విద్యార్థినులకు ఈ బిందువు చూపించేటప్పుడు ప్రతిసారీ ఒకరిద్దరు "మేడం, నాకు లేదు" అని చేయి చాపుతారు. అటువంటి వారు మణికట్టు నడిమి గీతలో చూసుకుంటే సరిపోతుంది.

చైనా వైద్యం ఏమంటుంది?

సుమారు 2000 ఏండ్ల కిందటి చైనా వైద్య గ్రంథాలలోనే ఈ బిందువు పేరు వస్తుంది. వారి లెక్క ప్రకారం శరీరంలో "చీ" అనే ఒక శక్తి కొన్ని దారుల వెంట తిరుగుతూ ఉంటుంది. ఒక్కొక్క దారి ఒక్కొక్క అవయవానికి చెందినది. నేయ్‌గువాన్ ఉన్న దారి గుండె చుట్టూ ఉండే పొరకు, అంటే గుండెకు కాపలా ఉండే కవచానికి చెందినది. ఆ దారి ఛాతీలో మొదలై, ఒక కొమ్మ పొట్టలోకి దిగుతుంది, ఇంకొక కొమ్మ చంక పక్కగా చేతి లోపలి వైపు నడిచి నడిమి వేలి కొసన ముగుస్తుంది. దాని మీద 9 బిందువులు ఉన్నవి.

కడుపులోని శక్తి ఎప్పుడూ కిందికి నడవాలట. తిన్నది కిందికి పోవడం దాని పని. అది తిరగబడి పైకి వస్తే తేపులు, ఎక్కిళ్ళు, ఓకరింపు, వాంతి. ఈ ద్వారం మీద ఒత్తితే తిరగబడిన శక్తి మళ్ళీ తన దారిన కిందికి దిగుతుందని వారి వివరణ. దారి ఛాతీ గుండా పోతుంది గనుక ఛాతీలో బరువు, గుండె దడ, మనసు కుదురుగా లేకపోవడం, నిద్ర పట్టకపోవడం వంటి వాటికి కూడా వారు ఇదే బిందువును వాడతారు. గుండె, కడుపు రెండూ ఒకే దారి మీద ఉండడం దగ్గరే మనకు పేచీ వస్తుంది. దాని సంగతి తరువాత చెబుతాము.

సంఘంలోని ఒక అమ్మ ఆ మధ్య మెల్లగా వచ్చి, "ఇది వేరే దేవుళ్ళ పద్ధతి కాదు గదా సిస్టర్, చేస్తే తప్పు కాదు గదా" అని అడిగింది. ఇందులో మంత్రం లేదు, తాయెత్తు లేదు, ఎవరికీ మొక్కే పని లేదు. "చీ" అనే మాటను నమ్మినా నమ్మకపోయినా బొటనవేలితో చేయి ఒత్తుకోవడంలో తేడా ఏమీ రాదు. వేప, పసుపు, అల్లం వాడుకున్నట్టే ఇదీ. ఆమెకు ఇదే చెప్పాము.

మన దేశానికి ఎట్లా వచ్చింది?

1938లో చైనా మీద జపాను యుద్ధం నడుస్తుండగా మన కాంగ్రెసు వారు 5 గురు డాక్టర్లను గాయపడిన వారి సేవకు చైనా పంపించారు. అందులో ఒకరు డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్. ఆయనది షోలాపూర్. మన సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు నుండి మగ్గం పని వెతుక్కుంటూ ఎన్నో పద్మశాలి కుటుంబాలు చేరిన ఊరు అదే గనుక ఆ పేరు ఇక్కడ చాలా ఇండ్లలో తెలిసినదే. కోట్నీస్ గారు తిరిగి రాలేదు. యుద్ధభూమిలో శస్త్రచికిత్సలు చేస్తూ చేస్తూ 1942 డిసెంబరులో, 32 ఏండ్ల వయసులో అక్కడే చనిపోయారు. ఆయనతో పోయిన వారిలో కలకత్తాకు చెందిన డాక్టర్ బిజయ్ కుమార్ బసు ఒకరు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత బసు గారు మళ్ళీ చైనా పోయి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, 1959 నుండి కలకత్తాలో ఆ వైద్యం మొదలుపెట్టారు. మన దేశంలో దీనికి నాంది అదే. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 1996లో ఆక్యుపంక్చర్‌కు ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. 2003 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ, తగిన శిక్షణ పొందినవారు దీనిని ఒక చికిత్సా విధానంగా వాడవచ్చునని ఉత్తర్వు ఇచ్చింది.

పరీక్షించి చూసినవారు ఏమన్నారు?

బెల్‌ఫాస్ట్ నగరంలో మత్తుమందు విభాగపు ప్రొఫెసర్ జాన్ డండీ అనే ఆయన 1980ల్లో దీనిని శ్రద్ధగా పరీక్షించారు. స్త్రీలకు చిన్నపాటి ఆపరేషన్లు చేసేటప్పుడు మత్తు వల్ల, నొప్పి మందుల వల్ల వాంతులు ఎక్కువ. కొందరికి ఈ బిందువులో సూది గుచ్చి, కొందరికి గుచ్చకుండా చూశారు. గుచ్చినవారికి వాంతులు తగ్గాయి. ఆ ఫలితాలు 1986లో బ్రిటిషు వైద్య పత్రికలో వచ్చాయి. ఆ తరువాత ఆయన చేసిన పని మాకు ఇంకా బాగా నచ్చింది. బిందువు ఉన్న చోట చర్మం కింద మొద్దుబార్చే ఇంజక్షన్ ఇచ్చి, అప్పుడు సూది గుచ్చి చూశారు. గుణం రాలేదు. అంటే అక్కడి నరం స్పర్శను మెదడుకు చేర్చితేనే పని జరుగుతున్నది. ఆ చోట చర్మం లోపల మీడియన్ అనే పెద్ద నరం ఉన్నది. మెదడు అడుగు భాగంలో వాంతిని నడిపించే కేంద్రం ఒకటి ఉంటుంది. నరం ద్వారా పోయిన కబురు దానిని శాంతపరుస్తున్నదని చాలామంది అనుకుంటున్నారు. పూర్తి సంగతి ఇంకా తేలలేదు.

2015లో, ఆపరేషన్ తరువాతి వాంతుల మీద ప్రపంచమంతటా జరిగిన 59 పరీక్షలను ఒక్కచోట చేర్చి లెక్క కట్టారు. అందులో 7,667 మంది రోగులు ఉన్నారు. ఉత్తుత్తిగా వేరే చోట నొక్కినవారితో పోలిస్తే నిజమైన బిందువు నొక్కినవారికి వాంతులు సుమారు 40 శాతం తగ్గినవి. మామూలు లెక్కలో చెప్పాలంటే, నూరుమందిలో 30 మందికి వాంతి అయ్యే వార్డులో 18 మందికే అవుతుందన్నమాట. మిగిలిన 18 మందికి అవుతూనే ఉంటుంది, అది కూడా గుర్తుంచుకోవాలి. ఆ పరీక్షలలో చాలావాటి నాణ్యత అంత గట్టిది కాదని లెక్క కట్టినవారే రాశారు.

క్యాన్సర్ మందులు ఎక్కించుకునే వారి వాంతులకు కూడా ఇది కొంత సాయపడుతుందని 1997లో అమెరికా ఆరోగ్య సంస్థలు పిలిచిన నిపుణుల సభ చెప్పింది. గర్భిణుల వేవిళ్ళ విషయంలో మాత్రం ఫలితాలు అటూ ఇటూగా ఉన్నవి. కొన్ని పరీక్షలలో మేలు కనబడింది, కొన్నింటిలో ఉత్తుత్తిగా నొక్కినా అంతే మేలు కనబడింది. మా అనుభవంలో కొందరు తల్లులకు హాయిగా ఉంటుంది. అది బిందువు గుణమో, ఒక మనిషి పక్కన కూర్చుని చేయి పట్టుకోవడం లోని గుణమో మేము తేల్చి చెప్పలేము. నొక్కడం వల్ల కడుపులోని బిడ్డకు హాని లేదు. అయితే చైనా వైద్యులే గర్భిణులకు వద్దని చెప్పే బిందువులు వేరే ఉన్నవి. బొటనవేలు చూపుడు వేలు మధ్య కండలో ఒకటి, చీలమండ లోపలి ఎముకకు నాలుగు వేళ్ళ పైన ఒకటి. ఫోనులో చూసి వాటిని నొక్కవద్దు.

మా వార్డులో

మా ఆసుపత్రిలో సూదులు గుచ్చము. నొక్కడం మాత్రమే. బొటనవేలితో, కొంచెం నొప్పి అనిపించేంత గట్టిగా, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు 2-3 నిమిషాలు ఒక చేతికి, తరువాత రెండవ చేతికి. రోజుకు నాలుగైదు సార్లు చేయవచ్చు. బస్సు ప్రయాణమైతే ఎక్కడానికి ముందే మొదలుపెడితే మంచిది. వికారం ముదిరిన తరువాత ఎంత నొక్కినా లాభం తక్కువ. విదేశాలలో లోపల గుండీ ఉన్న ఎలాస్టిక్ పట్టీలు దొరుకుతాయి. మా సిస్టర్ ఒకరు జాకెట్ ఎలాస్టిక్‌కు చొక్కా గుండీ కుట్టి ఇంట్లోనే చేసింది, బాగానే పని చేస్తున్నది. వేళ్ళు తిమ్మిరెక్కేంత బిగుతుగా మాత్రం కట్టకూడదు, రాత్రి పడుకునేటప్పుడు తీసివేయాలి.

సిజేరియన్ అప్పుడు నడుముకు మత్తు ఇచ్చిన తరువాత తల్లికి ఒక్కసారిగా వికారం వస్తే మా సిస్టర్లు మొదట మణికట్టు పట్టుకోరు, బి.పి. చూస్తారు. ఆ సమయంలో వాంతికి మొదటి కారణం బి.పి. పడిపోవడం. డాక్టరుగారు దానిని సరిచేస్తే వాంతి దానంతట అదే ఆగుతుంది. బి.పి. బాగున్నది, నాడి బాగున్నది, అయినా కడుపులో తిప్పుతున్నది అంటే అప్పుడు నొక్కుతాము. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో మందు ఎక్కించుకుని బస్సులో తిరిగి వచ్చేవారికి కూడా నేర్పుతున్నాము. కానీ అక్కడి డాక్టర్లు ఇచ్చిన వాంతి మాత్రలు మానకూడదు. మాత్ర వేసుకుని, దానితో పాటు నొక్కుకోవాలి.

చేతికి గ్లూకోజు సూది ఉన్నా, డయాలసిస్ కోసం నరాలు కలిపిన చేయి అయినా, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తరువాత వాచే చేయి అయినా, పుండు గాని విరిగిన ఎముక గాని ఉన్నా ఆ చేతిని నొక్కకూడదు. రెండవది ఉన్నది గదా.

మేము చేసిన తప్పు

కొన్ని ఏండ్ల కిందట ఒక శనివారం సాయంత్రం, ఓ.పి. మూసే వేళకు ఒక అమ్మాయి వచ్చింది. బీడీలు చేసుకునే పిల్ల, మూడవ నెల, మొదటి కానుపు. వెంట అత్త వచ్చింది. "కక్కులైతున్నయి సిస్టరమ్మా, తునికాకు వాసనకే పడ్తలేదు" అని అత్త చెప్పింది. అమ్మాయి నవ్వుతూనే ఉన్నది, నడిచే వచ్చింది. వేవిళ్ళే గదా అనుకున్నాము. మణికట్టు మీద బిందువు చూపించి, అల్లం, కొంచెం కొంచెం జావ తాగమని చెప్పి పంపించాము. బరువు చూడలేదు. మూత్రం పరీక్ష చేయలేదు. ఎన్ని గంటలకొకసారి మూత్రం పోతున్నావు అని కూడా అడగలేదు. అప్పట్లో ఆ బిందువు మీద మాకు కొత్తగా మోజు, ఎవరికైనా చూపించాలని ఉబలాటం.

మంగళవారం పొద్దున ఆటోలో పడుకోబెట్టి తీసుకుని వచ్చారు. కళ్ళు లోపలికి పోయినవి, నాలుక ఎండి పిడచ కట్టింది, లేపి కూర్చోబెడితే తల తిరిగి పడిపోతున్నది. మూత్రంలో ఎసిటోను నిండుగా ఉన్నది. రెండు మణికట్ల మీద ఎర్రగా కమిలిన గుర్తులు. మూడు రోజులు ఆ పిల్ల చెప్పినట్టే నొక్కుకుంటూ కూర్చున్నది! "సిస్టరమ్మ చెప్పింది, తగ్గుతది" అని ఇంట్లో ఎవరినీ కదలనివ్వలేదట. సెలైన్లు, విటమిన్ ఇంజక్షన్లు ఇచ్చి నాలుగు రోజులు ఉంచుకోవలసి వచ్చింది. తల్లీ బిడ్డా దక్కారు. అత్త మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అదే మాకు ఎక్కువ బాధ అనిపించింది.

ఆ వారం నుండి మా వార్డులో ఒక పద్ధతి పెట్టుకున్నాము. వాంతులతో వచ్చిన గర్భిణికి బరువు, బి.పి., మూత్రంలో ఎసిటోను పరీక్ష అయిన తరువాతనే మణికట్టు సంగతి. పొద్దటి నుండి నీళ్ళు కూడా ఆగకపోయినా, 8 గంటల పాటు మూత్రం పోకపోయినా, పోయిన కొద్దిపాటి మూత్రం ముదురు పసుపుగా ఉన్నా, లేచి నిలబడితే కళ్ళు తిరిగినా ఇంట్లో ఉంచుకోవద్దు. అయిదవ నెల దాటిన తరువాత కొత్తగా వాంతులు మొదలై, తలనొప్పి, పైకడుపు నొప్పి, చూపు మసకబారడం ఉంటే అవి వేవిళ్ళు కావు, బి.పి. పెరిగినందువల్ల కావచ్చు. ఆ రోజే రావాలి.

ఛాతీలో నొప్పి ఉంటే నొక్కవద్దు

ఇప్పుడు ఆ పెద్దలు అడిగిన ప్రశ్న. చైనా గ్రంథాలు గుండె దడకు, ఛాతీ బరువుకు ఈ బిందువును చెప్పిన మాట నిజమే. ఆ గ్రంథాలు రాసిన రోజులలో ఈ.సి.జి. లేదు, రక్తపు గడ్డను కరిగించే మందు లేదు. చేతిలో ఉన్నదానితో వారు చేయగలిగింది చేశారు. ఈ రోజు మన చేతిలో అంతకంటే ఎక్కువ ఉన్నది.

పసుపు ఉడికించే రోజులలో ఒక పెద్దమనిషి, యాభై దాటినవాడు, తెల్లవారుజామున లేచి ఛాతీలో ఏదో పట్టేసినట్టు ఉన్నదని, వికారంగా ఉన్నదని చెప్పాడు. ఒళ్ళంతా చెమటలు. గ్యాస్ అనుకున్నారు. సోడా తాగించారు, వాంతి అయింది. కొడుకు వీడియోలో చూసిన బిందువును నొక్కాడు. కొంచెం నెమ్మదించినట్టు అనిపించిందట. ఆ "కొంచెం నెమ్మది" కోసం మళ్ళీ మళ్ళీ నొక్కుతూ పొద్దెక్కేదాకా ఇంట్లోనే ఉన్నారు. మా దగ్గరికి వచ్చేసరికి ఆరు గంటలు దాటిపోయినవి. ఈ.సి.జి.లో పెద్ద గుండెపోటు. వెంటనే పై ఆసుపత్రికి పంపించాము. బతికాడు. కానీ గుండె కండరం కొంత చచ్చిపోయింది, ఇప్పుడు పొలం గట్టు మీద నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వచ్చి ఆగుతాడు. ఆ కొడుకును మేము తప్పు పట్టలేదు. తండ్రి చేయి పట్టుకుని కూర్చున్నాడు, అది ప్రేమే.

గుండెపోటు చాలాసార్లు కడుపు సమస్యలాగానే వస్తుంది. ముఖ్యంగా స్త్రీలకు, షుగరు ఉన్నవారికి నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు. వికారం, చెమట, నీరసం, దవడలో గాని ఎడమ చేతిలో గాని వీపులో గాని లాగుడు, అంతే. రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే మందు 12 గంటల లోపు ఇస్తారు గాని, మొదటి 3 గంటలలో ఇస్తే దక్కే కండరం చాలా ఎక్కువ. మణికట్టు మీద పోయిన ప్రతి గంటా అందులో నుండి తీసివేసినదే. ముప్పై ఏండ్లు దాటినవారికి ఛాతీలో బరువుతో వికారం వస్తే ముందు 108కి ఫోను చేయండి. బండి వచ్చేదాకా మనిషిని నడిపించవద్దు, కూర్చోబెట్టండి.

ఇంకొకటి మన పల్లెలకు సంబంధించినది. పొలంలో పురుగుల మందు కొట్టి వచ్చిన మనిషికి వాంతులు, నోటి వెంట చొంగ, చెమట, కంటిపాప గుండుసూది మొనంత చిన్నగా అయిపోతే అది విషం ఎక్కడమే. బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్ళు కడిగి, మందు డబ్బా కూడా వెంట పట్టుకుని పరుగున రండి. తలకు దెబ్బ తగిలి వాంతులు అవుతున్నా, రక్తపు వాంతి గాని పచ్చటి వాంతి గాని అయినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా అంతే.

సూదులు గుచ్చేవారి దగ్గరికి పోయేవారు

కొందరు కోరుట్ల, కరీంనగర్, హైదరాబాదుల్లో ఆక్యుపంక్చర్ చేయించుకుంటున్నారు. మేము వద్దనడం లేదు. శిక్షణ ఎక్కడ పొందారో అడగండి, అడగడానికి మొహమాటపడవద్దు. సూది పొట్లం మీ కళ్ళ ముందే చింపాలి, ఒక్కసారి వాడి పారవేసే సూది అయి ఉండాలి. మరిగించిన సూదులు, స్పిరిట్‌తో తుడిచిన సూదులు వద్దు, కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి రెండూ సూది ద్వారానే అంటుకుంటాయి. రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటున్నవారు ముందే ఆ సంగతి చెప్పాలి. పి-6లో గుచ్చినప్పుడు వేళ్ళలోకి కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే వెంటనే చెప్పండి, సూది మీడియన్ నరానికి తగిలిందన్నమాట. ఓర్చుకోవడం గొప్ప కాదు.

బిందువు ఎక్కడో చూపించమని అడిగేవారు మంగళవారం గర్భిణుల ఓ.పి.కి వస్తే మా సిస్టర్లు మీ చేతి మీదనే పెన్నుతో చుక్క పెట్టి చూపిస్తారు. ఆ బీడీల అమ్మాయి కూడా అప్పుడప్పుడు వస్తుంది. ఆమె బిడ్డ ఇప్పుడు బడికి పోతున్నది. వాడకట్టులో ఎవరికి నెల తప్పినా, కక్కులు మొదలైనా ఆమెనే పిలుస్తారట, మణికట్టు మీద నొక్కడం బాగా తెలుసునని. మొన్న ఒక చిన్న పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. మేము వినేటట్టుగానే ఆ పిల్లను అడుగుతున్నది: "చెయ్యి తర్వాత ఇద్దువు గని, పొద్దటి సంది ఎన్నిసార్లు ఒంటేలుకు పోయినవ్, గది చెప్పు ముందుగాల."